కొండబల్లి మూడుసార్లు తోక కొడితే

పది గంటలకు వ్యాను వస్తుంది. తొమ్మిదిన్నరకు కూతురు స్నానానికి వెళ్తుంది. వెళ్తే పావుగంట దాకా బయటికి రాదు. ఆ పావుగంటలో వెనక గదిలోకి వెళ్ళి, కొండబల్లి గొంతులో ఉన్న తువ్వాలు కుట్లు విప్పి, దాన్ని మడిచి దిండు గలీబులో దాచేసి, ఏమీ ఎరగనట్టు వంటింట్లో గిన్నెలు కడుగుతూ నిలబడాలి. జిప్పమ్మ ఆ ఉదయానికి వేసుకున్న పథకం అంతే. ఇందులో ఎవరికీ నష్టం లేదని ఆమె తనకు తాను నాలుగుసార్లు చెప్పుకుంది. నాలుగుసార్లు చెప్పుకోవలసి వచ్చిందంటేనే ఆమెకు నమ్మకం కుదరలేదన్నమాట.

కొండబల్లి అంటే ఇరవై ఆరేళ్ళపాటు పదకొండు సినిమాల్లో ఊళ్ళకు ఊళ్ళు తొక్కిన రాక్షసి బల్లి. తెర మీద యాభై అంతస్తుల ఎత్తు. వెనక గదిలో మాత్రం ఆరడుగుల పైన నాలుగు వేళ్ళు. రబ్బరూ, స్పాంజీ, మందపాటి గుడ్డా కలిపి కుట్టిన తొడుగు అది. లోపల ఉండి నడిచినవాడు జిప్పమ్మ భర్త. వీపు మీద జిప్పు వేసేదీ, తీసేదీ జిప్పమ్మ. మూడో సినిమాలో అట్టల మేడ ఒకటి వీపు మీద కూలి జిప్పు పళ్ళు వంగిపోయాయి. అప్పటినుంచి వేయడం సులువే గాని, తీయడం గండం. కొవ్వొత్తి ముక్క రుద్ది, కాస్త ఎడమకు ఎత్తిపట్టి లాగితేగాని కదలదు. ఆ కిటుకు ఆమె చేతికి తప్ప మరెవరికీ పట్టుబడలేదు. స్టూడియోలో అందరూ జిప్పమ్మా, జిప్పమ్మా అని పిలిచి పిలిచి, చివరికి కట్టుకున్నవాడు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

తొడుగు లోపలి మనిషి మాట బయటికి వినిపించదు. అందుకని మొగుడూ పెళ్ళాలు ఒక ఏర్పాటు చేసుకున్నారు. తోక మొదట్లో లోపలివైపు ఒక తాడు ఉంటుంది. లాగి వదిలితే తోక నేలను కొడుతుంది. ఒక దెబ్బ కొడితే బాగానే ఉన్నానని. రెండు కొడితే నీళ్ళు కావాలని. మూడు కొడితే ఇక ఊపిరాడడం లేదు, బయటికి తియ్యమని. మూడో దెబ్బ చెవిన పడగానే జిప్పమ్మ అట్టల ఊరికి అడ్డంపడి పరుగెత్తేది. "ఇంకొక్క నిమిషం" అని దర్శకుడు వెనకనుంచి కేకలు పెడుతూనే ఉండేవాడు. ఆ దెబ్బలు కెమెరాలో బాగా పడ్డాయని అన్ని సినిమాల్లోనూ అలాగే ఉంచేశాడు కూడా.

పదకొండో సినిమా ఆడలేదు. తొడుగును పారెయ్యమని కంపెనీవాళ్ళు అంటే, అతను ఇంటికి తెచ్చి వెనక గదిలో రెండు కొక్కేలకు తగిలించి నిలబెట్టాడు. పోయిన ఏడాది అతను పోయాడు. కొండబల్లి మాత్రం టీవీలో బొమ్మల ధారావాహికగా మళ్ళీ పుట్టింది. సినిమాల్లో బడుల మీద అడుగేసిన జీవి, టీవీలో పిల్లలను వీపు మీద ఎక్కించుకుని బడికి దిగబెడుతోంది. బూడిద రంగు పోయి ఆకుపచ్చ రంగు వచ్చింది. పిల్లలు ఎగబడి చూస్తున్నారు. దాంతో కంపెనీకి పాత తొడుగు గుర్తొచ్చింది. కొత్తగా కట్టిన ప్రదర్శనశాలలో పెడతాం, ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వండి అని ఉత్తరం వచ్చింది. కూతురు సంతకం పెట్టేసింది.

"అమ్మా, దాని జోలికి వెళ్ళనని మాటిచ్చావు, గుర్తుందిగా," అంది కూతురు ఆ ఉదయం జుట్టు ముడి వేసుకుంటూ.

"నాకేం పని దానితో."

"ఒక్క కుట్టు కదిలినా మనదే బాధ్యత అని రాశారు. నేను చదివాను."

"నువ్వు చదివావు. నేను కుట్టాను."

కూతురు ముడి బిగించి అంది, "ఈసారైనా వ్యాను బయల్దేరేటప్పుడు గుమ్మంలోకి రా. ఎవరు వెళ్తున్నా నువ్వు లోపల దాక్కుంటావు."

అది నిజమే. ఎవరినీ సాగనంపడం జిప్పమ్మకు చేతకాదు. పద్నాలుగు నెలల కింద భర్తను అంబులెన్సులో ఎక్కిస్తుంటే నీళ్ళ సీసా తెస్తానని లోపలికి వెళ్ళింది. సీసా దొరికింది గాని మూత దొరకలేదు. మూత వెతికి తెచ్చేసరికి వీధిలో ఎవరూ లేరు. కూతురు తండ్రితో వెళ్ళిపోయింది. అతను మళ్ళీ రాలేదు. నాలుగు రోజుల తర్వాత అంబులెన్సు మనిషి దుప్పటి తిరిగిచ్చి, "పెద్దాయన దారంతా మంచం కమ్మీ మీద వేలితో కొడుతూనే ఉన్నాడండీ," అని చెప్పి వెళ్ళాడు. ఎన్నిసార్లు అని అడగడానికి ఆమెకు నోరు పెగల్లేదు. కూతురిని అడగడానికి అసలే పెగల్లేదు. ఎవరినీ అడగకుండానే మూడు అని తేల్చుకుని, ఆ మూడు దెబ్బలనూ రోజూ వింటూ బతుకుతోంది.

అందుకే ఆ తువ్వాలు కావాలి. చెమట పీల్చుకోవడానికని గడ్డం కింద లోపలివైపు ఆమే కుట్టింది. పదకొండో సినిమా అయ్యాక దాన్ని ఉతకలేదు. తక్కినదంతా కంపెనీది. ఆ చెమట మాత్రం కంపెనీది కాదు.

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు మొదలవగానే జిప్పమ్మ కొవ్వొత్తి ముక్కతో జిప్పు తీసింది. చెయ్యి పెడితే గడ్డం దాకా అందలేదు. స్టూలెక్కి వంగినా అందలేదు. ఇక తప్పదని కాళ్ళు లోపల పెట్టి, చేతులు దూర్చి, తల పైకెత్తింది. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ ఒకే ఎత్తు కావడంతో తొడుగు ఆమెకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. లోపల రబ్బరు వాసన, పౌడరు వాసన, వాటి వెనక ఎక్కడో ఇంకొక వాసన. పద్నాలుగు కుట్లు ఉన్నాయి. చిన్న కత్తెరతో తొమ్మిది తెంపింది. కొంచెం ఆగి ఏడ్చింది. ఆ ఏడ్చిన కాసేపే కొంప ముంచింది.

కుళాయిలో నీళ్ళు ఆగిపోయాయి. కూతురు అరకొర స్నానంతో బయటికొచ్చి వెనక గదిలోకి తొంగిచూసింది. కొండబల్లి వీపు తెరుచుకుని ఉంది. "దుమ్ము దులిపి, మూయడం మర్చిపోయింది," అని గొణుక్కుంటూ దగ్గరికొచ్చి జిప్పు పైదాకా లాగేసింది.

జిప్పమ్మ బిగుసుకుపోయింది. ఇప్పుడు నోరు విప్పితే చేతిలో కత్తెరతో దొరికిపోతుంది. కూతురు గదిలోంచి వెళ్ళాక ఏదో ఒకటి ఆలోచించవచ్చు. అలా అనుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆ ఊపిరి వదిలేలోపే గుమ్మం ముందు హారను మోగింది. వ్యాన్లు పుట్టినప్పటినుంచి ఏ వ్యానూ చెప్పిన టైముకంటే ముందు వచ్చి ఉండదు. ఇది ఇరవై నిమిషాలు ముందొచ్చింది.

"అమ్మా," అని కూతురు ఇల్లంతా ఒకసారి పిలిచింది. తర్వాత డ్రైవరుతో అంది, "మా అమ్మ ఇలాంటప్పుడు కనపడదులెండి. వెళ్ళేవాళ్ళు వెళ్ళిపోయాక వస్తుంది. మీరు ఎత్తండి."

డ్రైవరు తలవైపు పట్టాడు, అతని బావమరిది కాళ్ళవైపు.

"బావా, కాగితంలో నలభై కిలోలని ఉంది కదూ?"

"ఉంటే?"

"నా నడుము తొంభై అంటోంది."

"కాగితం రాసినవాడు ఎత్తి రాస్తాడా? పట్టు, పట్టు."

గుమ్మం దాటుతుండగా సిగ్గు కంటే భయమే ఎక్కువై జిప్పమ్మ కేకపెట్టింది. రెండంగుళాల స్పాంజిలోంచి ఆ కేక ఒక లావుపాటి మూలుగులా బయటికొచ్చింది. బావమరిది కాళ్ళు వదిలేయబోయాడు.

"బావా, ఇది మూలిగింది."

"అరిచే మిషను ఉంటుందిలే లోపల. సినిమా వస్తువు కదా."

వ్యానులో బోర్లా పడుకోబెట్టాక డ్రైవరు రసీదు తీసి, 'గర్జన యంత్రము పనిచేయుచున్నది' అని రాసుకున్నాడు. "అదెందుకు రాస్తున్నావు?" అన్నాడు బావమరిది. "అక్కడికెళ్ళాక అరవకపోతే మనమే పాడుచేశామంటారు. నా అనుభవం నీకు లేదు," అన్నాడు డ్రైవరు.

వీధి మలుపు తిరిగాక జిప్పమ్మ చీకట్లో తోక తాడు వెతికి పట్టుకుంది. మూడుసార్లు లాగింది. తోక వ్యాను గోడకు ఠంగున మూడుసార్లు తగిలింది. బండి ఆగింది. ఆమె ప్రాణం లేచొచ్చింది. "తలుపు సరిగ్గా పడలేదు బావా, కొట్టుకుంటోంది," అని బావమరిది దిగి వచ్చి రెండో తాళం కూడా వేశాడు.

ప్రదర్శనశాల నిండా పిల్లలు. అందరి మొహాలకూ ఆకుపచ్చ కాగితం ముసుగులు. మధ్యలో మోకాలెత్తు అట్టల ఊరు ఒకటి కట్టి ఉంది. రైలు స్టేషనూ, వంతెనా, దీపస్తంభాలూ అన్నీ ఉన్నాయి. దాని వెనక పెద్ద తెర మీద పాత సినిమాల ముక్కలు ఆడుతున్నాయి. ఒక మూల బల్ల దగ్గర, టీవీ కొండబల్లిని గీసే బొమ్మలమ్మాయి కూర్చుని పిల్లల చేత క్రేయాన్లతో రంగులు వేయిస్తోంది. మేనేజరు రసీదు చదివి కళ్ళు పెద్దవి చేశాడు. గర్జన సంగతి అతనికెవరూ చెప్పలేదు. వెంటనే మైకు అందుకుని, మరికాసేపట్లో కొండబల్లి స్వయంగా గర్జిస్తుందని ప్రకటించేశాడు.

ఊరి నడుమ నిలబెట్టగానే జిప్పమ్మ కాళ్ళకు నేల తగిలింది. నిలదొక్కుకోవడానికి ఒక అడుగు ముందుకు వేసింది. మేనేజరు రెండడుగులు వెనక్కి వేసి హెడ్డాఫీసుకు ఫోను చేశాడు.

"సార్, లోపల ఎవరో ఉన్నారు."

హెడ్డాఫీసు పెద్దమనిషికి తెలియదని చెప్పే అలవాటు లేదు. "తెలుసు. మా ఏర్పాటే," అన్నాడు.

"మాకొక మాట చెప్పలేదు సార్."

"చెబితే సహజంగా ఉండదని చెప్పలేదు."

"ఎవరు సార్ లోపల?"

"అనుభవం ఉన్న మనిషి," అని ఫోను పెట్టేశాడు. మొత్తం మాటల్లో నిజమైంది ఆ ఒక్క మాటే. అది అతనికీ తెలియదు.

కొండబల్లి మెడ దగ్గర నల్లటి వల గుడ్డ ఉంటుంది. లోపలి మనిషి అందులోంచి చూడాలి. ఆ వలలోంచి జిప్పమ్మకు పిల్లలు కనిపించారు. ఇంతమందిలో ఒక్కరికైనా అర్థం కాదా అని తాడు మూడుసార్లు లాగింది. తోక నేలను మూడుసార్లు కొట్టింది. పిల్లలందరూ ఒక్కసారిగా లేచి కాళ్ళతో నేలను మూడుసార్లు తన్నారు. కిటికీ అద్దాలు అదిరాయి.

ఆమె మళ్ళీ కొట్టింది. వాళ్ళూ మళ్ళీ తన్నారు.

"ఇది కొండబల్లి పలకరింపు," అని బొమ్మలమ్మాయి ఎవరికో మురిసిపోతూ చెబుతోంది. "పదకొండు సినిమాలూ బొమ్మ బొమ్మా ఆపి చూశాను. ప్రతి దాంట్లోనూ మూడుసార్లు తోక కొడుతుంది. ఎందుకో చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నేస్తాలను పలకరిస్తోంది కాబోలనుకుని మా ధారావాహిక మొత్తం దాని మీదే నడిపాను."

జిప్పమ్మ గొంతు చించుకుని అరిచింది. "గర్జన," అన్నాడు మేనేజరు మైకులో. చప్పట్లు మోగాయి. తలుపు ఎటుందో వెతుకుతూ ఆమె చుట్టూ తిరిగింది. వెంట తోకా తిరిగింది. మూడు వారాలు కూర్చుని కట్టిన వంతెన, దీపస్తంభాలతో సహా పోయింది. మేనేజరు మళ్ళీ ఫోను చేశాడు. "ఊరు కూలిపోతోంది సార్." "అదీ మా ఏర్పాటే," అంది హెడ్డాఫీసు, ఈసారి కొంచెం నీరసంగా.

అప్పటికి ఆమెకు ఓపిక అయిపోయింది. రైలు స్టేషను మీద కూలబడింది. తల వంగి వల గుడ్డ సరిగ్గా తెర వైపు తిరిగింది. తెర మీద అతను ఉన్నాడు. పొగలో, మంటల నడుమ నిలబడి తోక కొడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఊపిరాడడం లేదంటున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. మూడో దెబ్బ పడగానే బొమ్మ ఎడమ అంచున, కత్తిరించడం మరిచిన అరక్షణంలో, ఒక ఆడమనిషి నీడ అడ్డంపడి పరుగెత్తుకొస్తోంది. ఆ నీడ తనదే. ప్రతిసారీ వెళ్ళింది. ఒక్కసారి మాత్రం సీసా మూత వెతుకుతూ ఉండిపోయింది. మూడు కొట్టాక ఎవరూ రాకపోతే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది. ఇలాగే ఉండి ఉంటుంది అతనికి, అనుకుంది. చుట్టూ అందరూ ఉంటారు. ఎవరికీ అర్థం కాదు.

మరోసారి తాడు లాగింది. ఈసారి తోక లేవలేక లేచి, మెత్తగా మూడుసార్లు నేలను తాకింది.

సరిగ్గా అప్పుడు ఎవరో అట్టల ఊరికి అడ్డంపడి పరుగెత్తుకొచ్చారు.

ఇంట్లో కూతురికి మొదట తల్లి చెప్పులు గుమ్మంలోనే కనిపించాయి. తర్వాత వంటింటి గట్టు మీద ఆమె ఫోను కనిపించింది. చివరికి వెనక గదిలో స్టూలూ, దాని పక్కన కొవ్వొత్తి ముక్కా కనిపించాయి. కొవ్వొత్తి ముక్క చూశాక ఆమె తలుపుకు తాళం కూడా వేయకుండా దొరికిన బండి పట్టుకుని వచ్చింది.

"అమ్మా, ప్రదర్శన జరుగుతోంది," అన్నాడు మేనేజరు అడ్డం నిలబడి. "ఇంకొక్క నిమిషం ఆగండి."

"మూడు కొట్టింది. మీకు వినపడలేదా?"

"అది పలకరింపు అండీ," అంది ముసుగులోంచి ఒక పాప.

"పలకరింపు కాదమ్మా. ఊపిరాడడం లేదు, బయటికి తియ్యమని." కూతురు అప్పటికే వీపు దగ్గర కూర్చుని జిప్పుతో పెనుగులాడుతోంది. అది కదల్లేదు. "కొవ్వొత్తి. కొవ్వొత్తి ఉందా ఎవరి దగ్గరైనా?"

కొవ్వొత్తి లేదు. యాభై రెండు భాగాల పాటు కొండబల్లి చేత తోక కొట్టించిన బొమ్మలమ్మాయి, మొహంలో నెత్తురు చుక్క లేకుండా నిలబడి, చేతిలో ఉన్న ఆకుపచ్చ క్రేయాను చాచింది. అదీ మైనమే. కూతురు జిప్పు పొడవునా అది రుద్ది లాగింది. రాలేదు. లోపలనుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"ఎడమకు ఎత్తవే. ఎన్నిసార్లు చూశావు చిన్నప్పుడు."

ఎడమకు ఎత్తింది. జిప్పు వచ్చేసింది. జిప్పమ్మ ఒక చేత్తో కత్తెర, ఇంకో చేత్తో, మిగిలిన ఐదు కుట్లూ దారిలో తెంపుకున్న తువ్వాలు పట్టుకుని బయటికొచ్చింది. మేనేజరు కత్తెర వైపు, తువ్వాలు వైపు, తన చేతిలోని ఒప్పందం కాగితం వైపు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తల్లినీ కూతురినీ పక్క గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టారు. నీళ్ళ సీసా ఇచ్చారు. దానికి మూత ఉంది.

"అడిగితే ఇవ్వనన్నానా?" అంది కూతురు సీసా తల్లికి అందిస్తూ.

"కుట్టు కదపొద్దని రాశారన్నావు."

"అన్నాను. అంత మాత్రానికి అందులో దూరతావా? ప్రాణం పోతే?"

జిప్పమ్మ సీసా మూత తిప్పుతూ కూర్చుంది. "మీ నాన్న ఎన్ని కొట్టాడు?" అంది ఉన్నట్టుండి.

"ఎక్కడ?"

"అంబులెన్సులో. కమ్మీ మీద."

కూతురు తల్లి వైపు చూసింది. "నీకు చెప్పలేదా నేను?"

"చెప్పలేదు."

"నువ్వు అడగలేదు. వినడం ఇష్టం లేదేమో అనుకున్నాను." వేలితో సీసాను ఒకసారి తట్టింది. "ఒకటి. ఒకటి కొట్టి నా మొహం చూసేవాడు. కాసేపాగి మళ్ళీ ఒకటి. దారంతా ఒక్కొక్కటే. నేను భయపడుతున్నానని."

జిప్పమ్మ అది నిజమా అని అడగలేదు. పద్నాలుగు నెలలు మూడు అని నమ్మిన మనిషికి ఒకటి అని నమ్మడం ఒక్కరోజులో అలవాటు కాదు. చేతిలో ఉన్న తువ్వాలుతో మొహం తుడుచుకుంది. పదేళ్ళుగా ఉతక్కుండా దాచిన తువ్వాలది. తుడుచుకున్నాక గాని ఆ సంగతి గుర్తు రాలేదు. అప్పటికి ఏ చెమట ఎవరిదో చెప్పడం కుదరదు.

హెడ్డాఫీసు తన మాట వెనక్కి తీసుకోలేకపోయింది. అంతా మా ఏర్పాటే అన్నవాళ్ళు ఇప్పుడు కాదంటే బాగుండదు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. అనుభవం ఉన్న కళాకారిణి నెలకొక ఆదివారం ఐదు నిమిషాలకు మించకుండా దర్శనమివ్వాలి, ఇకమీదట తొడుగు ఎవరు వేసుకుంటారో వారి ఇంట్లోనే ఉండాలి అని దాని సారాంశం. ఆ వ్యానే కొండబల్లిని తిరిగి తెచ్చింది. డ్రైవరు రసీదులో 'లోపల తట్టి చూడబడినది' అని రాశాడు. టీవీలో ఇప్పుడు మూడో దెబ్బ పడగానే ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తున్నారు. ఎందుకలా మార్చారని పిల్లలు అడగలేదు.

జిప్పమ్మ తువ్వాలును మళ్ళీ గడ్డం కింద కుట్టేసింది, పద్నాలుగు కుట్లూ. లోపలికి వెళ్ళిన ప్రతిసారీ మొదట ఒక దెబ్బ కొడుతుంది. బయట నిలబడేది కూతురు. ఆమె చేతిసంచిలో తాళంచెవులూ, కళ్ళజోడూ, అరిగిన ఆకుపచ్చ క్రేయాను ముక్కా ఉంటాయి. ప్రదర్శనశాలలో అందరూ ఆమెను చిన్న జిప్పమ్మ అంటారు; అసలు పేరేమిటని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.